పొలమారితే ఎవరో తలుచుకున్నట్టేనా? పార్కిన్సన్స్ జబ్బులో గుటకను కొలిచిన కథ

అన్నం తింటా ఉంటే ఉన్నట్టుండి దగ్గు వస్తే మన ఇళ్లలో ఏం చేస్తారు? నెత్తి మీద రెండు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు లే" అని నీళ్ల గ్లాసు చేతికిస్తారు. దీన్నే పొలమారడం అంటాం. మా పుత్తూరు వైపు కొన్ని ఇళ్లలో "పొరబోయింది" అని కూడా అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది అక్కడితో అయిపోతుంది. కానీ పార్కిన్సన్స్ జబ్బున్న తాతకు వారంలో నాలుగు సార్లు పొలమారుతా ఉంటే, ఆయన్ని ఎవరో తలుచుకోవడం కాదు. మనమే డాక్టర్‌ని తలుచుకోవాలి.

ఈ రోజు ఎపిసోడ్ ఆ గుటక గురించే. చెయ్యి వణికితే వీధి చివర నుంచి కూడా కనిపిస్తుంది. గొంతు లోపల తేడా వస్తే ఎట్లా తెలుస్తుంది? కోత లేకుండా, సూది గుచ్చకుండా, గొట్టం దూర్చకుండా తెలుసుకోవచ్చా? ఈ ప్రశ్నకు 200 ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. ఆ కథలో లండన్ వీధులున్నాయి, ఒక బాతు ఉంది, మన పక్కనున్న మద్రాసు కూడా ఉంది.

ముందు గుటక అంటే ఏంటో చూద్దాం

మనం రోజుకు కొన్ని వందల సార్లు మింగుతాం. నిద్రలో కూడా ఎంగిలి మింగుతానే ఉంటాం. గొంతులో రెండు దారులుంటాయి. ఒకటి ఊపిరితిత్తులకు గాలి పోయే దారి, ఇంకోటి కడుపుకు తిండి పోయే దారి. రెండింటికీ ముందు భాగం ఉమ్మడి. ట్రాఫిక్ పోలీసు లేని జంక్షన్ అనుకోండి. నాలుక ముద్దను వెనక్కి తోసిన వెంటనే స్వరపేటిక పైకి లేస్తుంది, గాలి దారి మీద మూత పడుతుంది, స్వరతంత్రులు దగ్గరికొచ్చి మూసుకుంటాయి, అన్నవాహిక పైన ఉండే కండరం వదులవుతుంది. ఇదంతా ఇంచుమించు ఒక సెకనులో అయిపోవాలి. పదుల కొద్దీ కండరాలు ఒకే టైమింగ్‌లో పని చేయాలి.

పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ తయారు చేసే కణాలు తగ్గిపోతాయి. కదలికలు నెమ్మదిస్తాయి, బిగుసుకుంటాయి. కాలికీ చేతికీ జరిగిందే నాలుకకూ గొంతుకూ జరుగుతుంది. కొందరిలో నాలుక ముద్దను వెనక్కి తోయలేక ముందుకూ వెనక్కీ ఊగుతా ఉంటుంది. గుటక ఆలస్యంగా మొదలవుతుంది. తిండి కొంత గొంతులోనే మిగిలిపోతుంది. నోట్లో నుంచి ఎంగిలి కారడం చాలామంది చూసే ఉంటారు. ఎంగిలి ఎక్కువ ఊరడం వల్ల అనుకుంటాం గానీ, అసలు కారణం మింగడం తగ్గిపోవడమే.

ప్రమాదం ఎక్కడంటే, తప్పుదారి పట్టిన తిండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మరణాలకు ముఖ్యమైన కారణాల్లో ఇట్లాంటి న్యుమోనియా ఒకటి. వణుకు కాదు, ఇది.

1817: కళ్లతో చూసి రాసిన పుస్తకం

లండన్‌లో హాక్స్‌టన్ అనే పేట. అక్కడ జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు 1817లో వణుకు జబ్బు మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో ఉన్నది 6 మంది గురించి. వాళ్లలో కొందరు ఆయన పేషెంట్లు కూడా కాదు, వీధిలో పోతా ఉంటే చూసినవాళ్లు. ఒకరినైతే దూరం నుంచి చూశాడంతే. స్కాన్ లేదు, రక్త పరీక్ష లేదు. స్టెతస్కోప్ అప్పుడప్పుడే ఫ్రాన్స్‌లో పుడుతోంది.

అట్లా చూసి రాసిన మనిషి గొంతును వదల్లేదు. జబ్బు ముదిరాక తిండి నమిలేదాకా నోట్లో నిలవడం కష్టమని, మింగడం కూడా అంతే కష్టమని, ఎంగిలి కారుతా ఉంటుందని రాశాడు. అంటే ఈ జబ్బు మీద వచ్చిన మొదటి పుస్తకంలోనే మింగుడు సమస్య ఉంది. ఫ్రాన్స్‌లో షార్కో ఆ తర్వాత 1870ల ప్రాంతంలో దీనికి పార్కిన్సన్ పేరు పెట్టాడు.

మన వైపు ఆయుర్వేదంలో కంపవాతం అనే మాట ఉంది. తెలుగునాట పుట్టిన బసవరాజీయం అనే వైద్య గ్రంథంలో కూడా కాళ్లూ చేతులూ వణకడం, నిద్ర చెడిపోవడం లాంటి లక్షణాలతో కంపవాతం కనిపిస్తుంది. అయితే ఆ పేరులోనే చూడండి, కంపం అంటే వణుకు. ఇంగ్లీషువాడు కూడా మొదట పెట్టిన పేరు వణుకు మీదే. ఇక్కడా అక్కడా పేరు పెట్టినవాళ్ల కన్ను చేతి మీదే పడింది.

1896: బాతు మింగింది, మనిషి చూశాడు

1895 నవంబర్‌లో రాంట్‌జెన్ ఎక్స్-రేలు కనిపెట్టాడు. ప్రపంచమంతా చేతి ఎముకల ఫోటోలు చూసి ఆశ్చర్యపోతా ఉంటే, 1896లో హార్వర్డ్ మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది చదివే వాల్టర్ కానన్ అనే కుర్రాడికి ఇంకో పని అప్పజెప్పారు. ఎక్స్-రేతో మింగుడును చూడు అని. ఆయన పెద్ద బాతుకు బిస్మత్ కలిపిన తిండి పెట్టాడు. బాతు ఎందుకంటే దాని మెడ పొడుగు, తిండి దిగేది తీరిగ్గా చూడొచ్చు. బిస్మత్ ఎక్స్-రేలో నల్లగా కనిపిస్తుంది. బతికున్న జంతువు గొంతులో ముద్ద కదలడం కోత లేకుండా కళ్లకు కనిపించింది. ఆల్బర్ట్ మోసర్‌తో కలిసి 1898లో దాన్ని ప్రచురించాడు.

మనవాళ్ల వయసే కదా ఆ కుర్రాడిది. ఇప్పుడు హాస్పిటల్లో బేరియం తాగించి ఎక్స్-రే తీస్తున్నారంటే, దాని వెనకాల ఆ బాతు ఉంది.

1937: మద్రాసు, దూలగొండి

ఇప్పుడు కొంచెం పక్క దారి. ఈ పక్క దారి లేకపోతే గొంతును అందరూ ఎందుకు మర్చిపోయారో అర్థం కాదు.

పుత్తూరులో రైలెక్కితే అరక్కోణం మీదుగా మద్రాసు. అప్పట్లో మన చిత్తూరు జిల్లా మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దూలగొండి గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరు చేసి బయోకెమికల్ జర్నల్‌లో ప్రచురించారు. తాకితే ఒళ్లంతా దురద పెట్టే ఆ దూలగొండే. అప్పటికి దాన్ని పార్కిన్సన్స్ మందుగా వాడొచ్చని ఎవరికీ తెలియదు.

1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధ మొక్కలో దొరికేదే. కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఇస్తే మళ్లీ లేచాయి. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గిందని చూపించాడు. 1967లో అమెరికాలో కాట్జియాస్ పెద్ద మోతాదులో డోపా ఇచ్చి పేషెంట్లను నడిపించాడు. ఈ రోజుకీ ముఖ్యమైన మందు అదే. (దూలగొండి పొడి కొనుక్కుని సొంతంగా మింగొద్దు. మోతాదు తేలదు, వాడే మందుతో కలిస్తే ప్రమాదం.)

మందు వచ్చింది, చేతులు ఆడాయి, కాళ్లు నడిచాయి. సినిమా తీయదగ్గ విజయం. కానీ గుటక ఆ మందుకు అంత నమ్మకంగా లొంగదు. కొందరికి మెరుగవుతుంది, కొందరికి అవదు. చెయ్యి బాగుంది కాబట్టి మనిషి బాగున్నాడు అనుకుంటే, గొంతు లెక్కలోకే రాకుండా పోతుంది.

బొమ్మ చూడాలంటే రెండు దారులు

1983లో అమెరికాలో జెరీ లోగెమన్ అనే స్పీచ్ నిపుణురాలు మింగుడు సమస్యలను పరీక్షించడం, చికిత్స చేయడం మీద పుస్తకం రాసింది. బేరియం కలిపిన నీళ్లు, మెత్తటి తిండి, గట్టి తిండి కొంచెం కొంచెం ఇస్తూ ఎక్స్-రే వీడియో తీసే పద్ధతిని ఆమే గట్టిగా నిలబెట్టింది. ఏది ఎప్పుడు ఎటు పోతుందో ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కనిపిస్తుంది.

1988లో సూసన్ లాంగ్‌మోర్, ఆమె తోటివాళ్లు ఇంకో పద్ధతి ప్రచురించారు. ముక్కులో నుంచి సన్నటి కెమెరా గొట్టం దింపి గొంతును పైనుంచి చూడటం. రేడియేషన్ లేదు. కానీ ముక్కులో గొట్టం ఉంటుంది.

ఈ రెండూ ఈ రోజుకీ అసలైన కొలబద్దలు. మరి ఇబ్బంది ఏంటి? ఎక్స్-రే వీడియోకు మెషీన్ కావాలి, శిక్షణ పొందిన మనిషి కావాలి, రేడియేషన్ ఉంటుంది కాబట్టి మాటిమాటికీ చేయలేరు. వణుకుతా, మెడ వంగిపోయి ఉన్న పెద్దాయన్ని పల్లె నుంచి బస్సెక్కించి సిటీకి తీసుకుపోవాలి. అందుకే డాక్టర్లు మళ్లీ వెనక్కి, చేతిలో ఉన్న వస్తువుల వైపు చూశారు.

గ్లాసు నీళ్లు, గడియారం, వేలు

1992లో రెండు పనులు జరిగాయి. అమెరికాలో డిపిప్పో, ఆమె తోటివాళ్లు పక్షవాతం వచ్చినవాళ్లకు 3 ఔన్సుల నీళ్లు, అంటే ఇంచుమించు 90 మిల్లీలీటర్లు, ఆపకుండా తాగమని ఇచ్చారు. తాగేటప్పుడో, తాగిన నిమిషం లోపో దగ్గు వస్తే, లేదా గొంతు తడిగా గురగురలాడితే అనుమానించాలి. అంతే పరీక్ష.

అదే ఏడాది బ్రిటన్‌లో నాథద్వారావాలా, నిక్లిన్, వైల్స్ అనే ముగ్గురు నరాల జబ్బులున్నవాళ్లకు 150 మిల్లీలీటర్ల నీళ్లిచ్చి టైమ్ కొలిచారు. ఎన్ని గుటకలు, ఎన్ని సెకన్లు, గ్లాసులో ఎంత మిగిలింది. ఈ మూడు అంకెలు చాలు. లెక్క చూడండి: ఒకరు 150 మిల్లీలీటర్లు 10 సెకన్లలో తాగారనుకోండి, సెకనుకు 15 మిల్లీలీటర్లు. ఇంకొకరికి 25 సెకన్లు పట్టింది, అంటే సెకనుకు 6. సెకనుకు 10 మిల్లీలీటర్ల కంటే తగ్గితే తేడా ఉందని వాళ్లు గీత గీశారు. నేను కోడ్ రాసే ఉద్యోగం చేసినోడిని కాబట్టి ఇది నాకు బాగా నచ్చింది. మూడు ఇన్‌పుట్లు, ఒక భాగహారం, ఒక హద్దు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు.

మన దేశంలో కూడా కన్నా, భాను అనే ఇద్దరు డాక్టర్లు 2014లో ఇండియన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ పత్రికలో, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మింగుడు లోపాన్ని మంచం పక్కనే సులువుగా పరీక్షించడం గురించి రాశారు. పెద్ద మెషీన్లు లేని మన ఆస్పత్రులకు కావాల్సిన పని అది.

జపాన్‌వాళ్లు ఇంకా సింపుల్ చేశారు. 2000లో ఒగుచి బృందం ప్రచురించిన పరీక్షలో నీళ్లు కూడా అక్కర్లేదు. గొంతు మధ్యలో ముడిలా ఉంటుందే, దాని మీద వేలు పెట్టి, 30 సెకన్లలో ఎన్నిసార్లు ఎంగిలి మింగగలరో లెక్కపెడతారు. ముడి వేలి మీదుగా పైకి లేచి దిగితే ఒక గుటక. 3 కంటే తక్కువైతే అనుమానం.

ఇక్కడ పుత్తూరోళ్లకు నవ్వొస్తుంది. వేలితో తడిమి లోపల ఏం జరిగిందో చెప్పడం మన ఊరికి కొత్తా? ఎముక విరిగితే ఎక్కడెక్కడి నుంచో "పుత్తూరు కట్టు" కోసం వచ్చేది మన ఊరికే కదా. కానీ ఒక తేడా గమనించండి. ఒగుచి బృందం వేలితో లెక్కపెట్టి ఆగలేదు. అదే మనుషులకు ఎక్స్-రే వీడియో తీసి, వేలు చెప్పింది నిజమో కాదో పోల్చి చూశారు. చేతి నేర్పు ఎవరైనా వాడుకోగల పరీక్షగా మారేది ఆ పోలికతోనే.

టర్కీలో జుమ్‌హూర్ ఎర్తెకిన్ 1996లో ఇంకో దారి చూపించాడు. గడ్డం కింద చర్మం మీద కండరాల కరెంటు పట్టే ఎలక్ట్రోడ్లు, గొంతు ముడి మీద చిన్న సెన్సర్ అంటించి, కొంచెం కొంచెంగా నీళ్లు పెంచుతా పోయాడు. ఆరోగ్యవంతులు 20 మిల్లీలీటర్లను ఒకే గుటకలో మింగుతారు. అంతకంటే తక్కువ నీళ్లకే రెండు మూడు గుటకలు పడితే అక్కడ సమస్య ఉన్నట్టు. ఆ తర్వాత అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంవాళ్లు మెడ మీద మైకు, యాక్సిలరోమీటర్ అంటించి గుటక చప్పుడునూ కదలికనూ కంప్యూటర్‌తో చదివించే పని చేశారు. మీ ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది కదా, ఆ పని చేసేది కూడా యాక్సిలరోమీటరే.

35, 82

ఇంత కష్టం ఎందుకు? పేషెంట్‌నే అడిగితే పోదా? ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తు పెట్టుకోవాలంటే ఈ రెండు అంకెలు పెట్టుకోండి. 2012లో నెదర్లాండ్స్‌కు చెందిన కాల్ఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క కట్టింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లను అడిగితే మింగడం కష్టంగా ఉందని చెప్పినవాళ్లు 35 శాతం. పరీక్ష చేసి చూస్తే సమస్య కనిపించింది 82 శాతంలో.

యూజర్ కంప్లైంట్ పెట్టలేదంటే బగ్ లేదని కాదు, సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఆ తాత అబద్ధం చెప్పడం లేదు. జబ్బు మెల్లిగా ముదురుతుంది కాబట్టి ఆయన కూడా మెల్లిగా సర్దుకుంటాడు. చిన్న ముద్ద పెట్టుకుంటాడు, పల్యాలు మానేస్తాడు, తినడానికి గంట తీసుకుంటాడు. పైగా ఈ జబ్బులో గొంతు లోపలి స్పర్శ, దగ్గు కూడా మొద్దుబారొచ్చు. అప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గే రాదు. పొలమారడం కూడా కనిపించదు.

అందుకే అడిగే పద్ధతి మార్చారు. 2007లో ఇజ్రాయెల్‌లో యాయెల్ మానోర్ బృందం పార్కిన్సన్స్ కోసం 15 ప్రశ్నల పట్టిక చేసింది. "మింగడం కష్టమా?" అని ఒక్కసారి అడిగి వదిలేయరు. నమలడం, నోట్లో మిగలడం, దగ్గు, గొంతు మారడం, ఇట్లా ముక్కలు ముక్కలుగా అడుగుతారు.

మన భాషలో ఇది ఇంకా ముఖ్యం అంటాను. మా వైపు పెద్దవాళ్లను "మింగేదానికి కష్టంగా ఉందా తాతా?" అంటే "అట్లాంటిదేం లేదబ్బోడా" అంటారు. "పొలమారుతోందా?" అంటే "అది అప్పుడప్పుడూ ఉండేదే లే" అంటారు. "సంగటి ఎందుకు తినడం లేదు?" అంటే అసలు కథ బయటికొస్తుంది. రాగి సంగటిని మనం నమలం, ఊరిబిండిలోనో పులుసులోనో అద్ది ముద్దను అట్లే మింగేస్తాం. జీవితమంతా సంగటి తిన్న మనిషి అన్నం మెత్తగా పిసకమన్నాడంటే ఆ కంచమే ఒక పరీక్ష రిపోర్టు.

మరి మనం ఏం చేయాలి?

ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లుంటే భోజనం దగ్గర కూర్చుని చూడండి. ఎంతసేపు తింటున్నారు, ఎన్నిసార్లు దగ్గుతున్నారు, నీళ్లు తాగాక గొంతు తడిగా మారుతోందా, మాత్ర నాలుక మీదే ఉండిపోతోందా, బరువు తగ్గుతున్నారా, మాటిమాటికీ జ్వరం, కఫం వస్తున్నాయా. ఒక వారం ఫోన్‌లో రాసి పెట్టండి. ఆ నోట్ తీసుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి పోండి. మన వైపు తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ ఉంది. వేలూరు సీఎంసీలో జేకబ్ చాందీ 1949లోనే న్యూరో విభాగం మొదలుపెట్టారు. "గుటక పరీక్ష చేయాలా? స్పీచ్ థెరపిస్ట్‌ను కలవాలా?" అని మీరే నోరు తెరిచి అడగండి. వణుకు గురించి డాక్టర్ ఎట్లాగూ అడుగుతారు, దీన్ని మాత్రం మనం గుర్తు చేయాల్సి రావచ్చు.

ఒక గట్టి హెచ్చరిక. ఈ వీడియో చూసి తాతకు 150 మిల్లీలీటర్ల నీళ్లిచ్చి స్టాప్‌వాచ్ నొక్కొద్దు. సమస్య ముదిరినవాళ్లకు ఆ గ్లాసే ప్రమాదం. శిక్షణ ఉన్నవాళ్లు ముందు చెంచాతో మొదలుపెడతారు, ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు. ఇంకోటి, నీళ్ల పరీక్ష పాసైనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. దగ్గు రాకుండా లోపలికి జారే కేసులు దానికి చిక్కకపోవచ్చు. ఎవరికి ఎక్స్-రే వీడియో కావాలో, ఎవరికి ముందు కావాలో తేల్చే జల్లెడ ఇది.

తెలిస్తే లాభం ఏంటి అంటారా? ఉంది. కూర్చునే తీరు, ముద్ద సైజు, తిండి చిక్కదనం, మందు పని చేసే వేళకు భోజనం పెట్టడం, ఇవన్నీ మనిషిని బట్టి మార్చొచ్చు. 2010లో అమెరికాలో ట్రోషే బృందం 60 మంది పార్కిన్సన్స్ పేషెంట్లతో పరీక్ష చేసింది. చిన్న పరికరంలోకి గట్టిగా ఊదే కసరత్తు 4 వారాలు చేసినవాళ్లలో మింగుడు భద్రత మెరుగైంది. అంటే కనిపెడితే చేయడానికి పని ఉంది.

1817లో ఒక మనిషి వీధిలో నిలబడి, ఎవరూ అడగకపోయినా, ఎదుటివాళ్లను శ్రద్ధగా చూశాడు. మన దగ్గర ఇప్పుడు కెమెరా ఉంది, గడియారం ఉంది, సెన్సర్ కూడా ఉంది. ఈ రాత్రి భోజనాల వేళకు ఆ ఫోన్ పక్కన పెట్టి, తాత కంచం వైపు ఒక 20 నిమిషాలు చూడండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.